13వ తేదీ నుంచి ఎర్రర్ వస్తోందంటే, ముందు 1 నుంచి 12 వరకు చూసుకోండి

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా పెడుతున్నాను. విశాఖపట్నంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక సంస్థలో మీరు డేటాబేస్ చూసుకుంటున్నారు. జులైలో ఆఫీసులోని ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను (మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్) క్లౌడ్‌లోకి మార్చారు. అప్పటినుంచి ప్రతి నెలా 12వ తేదీ దాకా డిస్పాచ్ ఎంట్రీలు సాఫీగా సేవ్ అవుతున్నాయి. 13 రాగానే తేదీ హద్దు దాటిందని ఎర్రర్ వస్తోంది. అమెరికా కొనుగోలుదారు పంపే ఎక్సెల్ షీట్లలోని తేదీలు మరో టేబుల్‌లో అక్షరాల కాలమ్‌గా పడి ఉన్నాయి. అవి వరసలో రావడం లేదు. డేటాబేస్‌కు ఏ ఫార్మాట్ పెడితే ఇవన్నీ సర్దుకుంటాయని అడిగారు.

ఏ ఫార్మాటూ పెట్టకండి. ఇంకో మాట: 13 నుంచి వచ్చే ఎర్రర్‌కు కంగారు పడకండి, అది మీకు మేలే చేస్తోంది. కంగారు పడాల్సింది ఏ ఎర్రరూ లేకుండా సేవ్ అయిపోయిన 1 నుంచి 12 వరకు ఉన్న ఎంట్రీల గురించి. అవి చాలావరకు తప్పుగా పడి ఉంటాయి.

జరిగింది ఇది. మీ ప్రోగ్రాం తేదీని అక్షరాల ముక్కగా కూర్చి సర్వర్‌కు పంపుతోంది. 04/07/2024 అని వెళ్తే పాత సర్వర్ దాన్ని 4 జులై అని చదివేది. కొత్త సర్వర్ 7 ఏప్రిల్ అని చదువుతోంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీన్ని నిర్ణయించేది లాగిన్‌కు, అంటే మీ ప్రోగ్రాం సర్వర్‌లోకి వెళ్లే ఖాతాకు ఉన్న డీఫాల్ట్ భాష. పాత లాగిన్‌కు ఎవరో బ్రిటిష్ ఇంగ్లిష్ పెట్టి ఉంటారు. కొత్తగా సృష్టించిన లాగిన్ అమెరికా ఇంగ్లిష్‌తో వచ్చింది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో ఇండియా అని మార్చి, అయినా పని చేయడం లేదని వాపోయేవాళ్లు చాలామంది. ఆ సెట్టింగ్‌కూ దీనికీ సంబంధం లేదు. 13 వచ్చాక 13/07/2024 వెళ్తే, 13వ నెల అన్నది లేదు కాబట్టి సర్వర్ ఒప్పుకోదు. అందుకే ఎర్రర్.

సమస్య ఎంత పెద్దదో లెక్క వేసుకుందాం. రోజూ నెలా రెండూ 12 లోపు ఉండే తేదీలు ఏడాదికి 144. వాటిలో 7/7, 8/8 లాంటి 12 తేదీలను ఎటునుంచి చదివినా ఒకటే. మిగిలిన 132 తారుమారయ్యేవి. అంటే ఏడాదిలో మూడో వంతుకు పైనే, చడీచప్పుడు లేకుండా తప్పు పోవడానికి అవకాశం ఉన్న రోజులు.

ఇప్పుడు మీ డిస్పాచ్ టేబుల్ తెరిచి, సర్వర్ మారాక పడ్డ వరుసలను తేదీలోని రోజు అంకె ప్రకారం గుంపు చేసి లెక్కించండి. 7వ తేదీన ఒక కుప్ప, 8వ తేదీన ఒక కుప్ప కనిపిస్తాయి. జులై 1 నుంచి 12 వరకు చేసిన ఎంట్రీలు 7 జనవరి, 7 ఫిబ్రవరి, 7 మార్చి అంటూ 7 డిసెంబర్ దాకా పరుచుకుని ఉంటాయి. ఆగస్టువి అలాగే ప్రతి నెలా 8న. జులైలో ఎక్కించిన సరుకు డిసెంబర్‌లో వెళ్లినట్టు రిపోర్టులో కనిపిస్తే ఎవరైనా పట్టుకుంటారు. కానీ ఏప్రిల్‌లో వెళ్లినట్టు కనిపిస్తే ఎవరూ పట్టించుకోరు. త్రైమాసికం లెక్కలు మాత్రం తప్పిపోతాయి.

అన్నిటినీ ఒకేసారి తిప్పేద్దామనుకుంటే అక్కడో చిక్కుంది. 13 నుంచి ఎర్రర్ వస్తున్నప్పుడు మీ ఎంట్రీ సిబ్బంది చేతులు కట్టుకుని కూర్చోరు కదా. ఎవరో ఒకరు నెల ముందు కొట్టి చూస్తారు, 07/15/2024 సేవ్ అవుతుంది, పక్కనున్నవాళ్లకూ చెప్తారు. మీరు ఎంట్రీలు ఆగిపోయాయని రాయలేదు, ఎర్రర్ వస్తోందని మాత్రమే రాశారు. కాబట్టి ఈ పాటికి సగం మంది నెల ముందు కొడుతున్నారని నా గట్టి అనుమానం. ఆగస్టు 1 నుంచి 12 వరకు వాళ్లు కొట్టినవి సరిగ్గానే ఉంటాయి. ఆ అలవాటు లేనివాళ్లవి తిరగబడి ఉంటాయి. గుడ్డిగా అన్నీ తిప్పితే మంచివి చెడతాయి.

మీ టేబుల్‌లో ఎంట్రీ చేసిన సమయం నమోదయ్యే కాలమ్ ఉండే ఉంటుంది. దాన్ని సర్వరే నింపుతుంది, అక్షరాల ద్వారా రాదు, కాబట్టి నమ్మవచ్చు. తేదీలో రోజు 12 దాటని ప్రతి వరుసకూ రెండు తేదీలు తీయండి (12 దాటినవాటిని తిప్పలేం, డేట్‌ఫ్రమ్‌పార్ట్స్ ఎర్రర్ ఇస్తుంది): ఇప్పుడున్నది ఒకటి, రోజూ నెలా తిప్పినది ఒకటి. తిప్పడానికి డేట్‌ఫ్రమ్‌పార్ట్స్ ఫంక్షన్ చాలు, నెల ఇవ్వాల్సిన చోట రోజును, రోజు చోట నెలను ఇవ్వండి. ఈ రెండింటిలో ఏది ఎంట్రీ సమయానికి ముందు కొద్ది రోజుల్లో పడుతుందో అదే నిజమైనది. డిస్పాచ్ ఎంట్రీ ఎన్ని రోజులు ఆలస్యం కావచ్చో మీ ఆఫీసువాళ్లను అడిగి ఆ హద్దు పెట్టుకోండి. రెండూ హద్దులో పడినా, రెండూ పడకపోయినా ఆ వరుసను పక్కన పెట్టండి, చేత్తో చూడాలి. పోల్చే ముందు ఎంట్రీ సమయానికి 5 గంటల 30 నిమిషాలు కలపడం మరవకండి. క్లౌడ్ సర్వర్ గడియారం చాలావరకు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది. ఆ సంగతి కింద మళ్లీ చెప్తాను.

ఇక్కడ చాలామంది చెప్పే మందు ఒకటుంది: కనెక్షన్ తెరవగానే సెట్ డేట్‌ఫార్మాట్ అని రాసి రోజు, నెల, సంవత్సరం వరస పెట్టేయమంటారు. వాడకండి. అది ఆ ఒక్క కనెక్షన్‌కే వర్తిస్తుంది. రాత్రిపూట నడిచే జాబ్‌కు, రిపోర్టు టూల్‌కు, రేపు మీ స్థానంలో వచ్చే మనిషికి అది తెలియదు. అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. ఆ సెట్టింగ్ ఉండగా 2024-03-04 అనే శుభ్రమైన తేదీని పాత డేట్‌టైమ్ టైపులోకి పంపితే ఎస్‌క్యూఎల్ సర్వర్ దాన్ని సంవత్సరం, రోజు, నెల అని చదివి 3 ఏప్రిల్ అంటుంది. నమ్మబుద్ధి కాకపోతే ఒక ఖాళీ టేబుల్ మీద చేసి చూడండి. డేట్, డేట్‌టైమ్2 టైపుల్లో ఈ పీడ లేదు, అక్కడ ఆ రాత ఎప్పుడూ 4 మార్చే. గీతలు లేకుండా 20240304 అని ఎనిమిది అంకెలు రాస్తే ఏ టైపైనా, ఏ భాషైనా ఒకేలా చదువుతుంది. అక్షరాలుగా పంపక తప్పని చోట నేను ఆ ఎనిమిదంకెలే రాస్తాను.

అసలు పరిష్కారం పారామీటర్. ప్రోగ్రాంలోని తేదీని తేదీగానే పారామీటర్‌లో, అంటే క్వెరీ వాక్యంలో కలపకుండా విడిగా ఇచ్చే విలువగా పంపండి, అక్షరాలుగా కూర్చకండి. అప్పుడు లాగిన్ భాష ఏదైనా తేడా రాదు. డేటాబేస్ లోపల తేదీకి ఆకారం ఉండదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్ టైపు అంటే మూడు బైట్లు, 0001 జనవరి 1 నుంచి ఎన్నో రోజు అన్న లెక్క. గీతా చుక్కా ఏదీ అందులో లేదు. మీ స్క్రీన్ మీద కనిపించేది చూపించే ప్రోగ్రాం తొడిగిన రూపం. రూపం సంగతి లోపలికి వచ్చే చోట, బయటికి వెళ్లే చోట తేల్చాలి. మధ్యలో తేల్చాలని చూస్తే మీకు జులైలో జరిగిందే జరుగుతుంది.

ఇక రెండో టేబుల్, కొనుగోలుదారు షీట్లది. ఇది మొదటిదానికన్నా కష్టం. ఇక్కడ మీకు తప్పకుండా ఎదురయ్యే సలహా: ట్రై_కన్వర్ట్‌తో (అక్షరాలను తేదీగా మార్చి చూసి, కుదరకపోతే ఎర్రర్ బదులు ఖాళీ ఇచ్చే ఫంక్షన్) ముందు 103 స్టైల్‌లో ప్రయత్నించు, కుదరకపోతే 101లో ప్రయత్నించు. 103 అంటే రోజు ముందు, 101 అంటే నెల ముందు. చూడ్డానికి తెలివిగా ఉంటుంది, ఎర్రర్ ఒక్కటి కూడా రాదు. ఫలితం మాత్రం ఘోరం. అమెరికా షీటులోని 03/25/2024 మొదటి ప్రయత్నంలో కుదరదు కాబట్టి రెండోదానిలో 25 మార్చిగా సరిగ్గా పడుతుంది. అదే షీటులోని 03/04/2024 మొదటి ప్రయత్నంలోనే కుదిరిపోయి 3 ఏప్రిల్ అవుతుంది. ఒకే షీటు, ఒకే మనిషి టైపు చేసిన తేదీలు, సగం ఒక దేశంలో సగం ఇంకో దేశంలో చదివినట్టు.

వరుసను చూసి నిర్ణయించకూడదు, షీటు మొత్తాన్ని చూసి నిర్ణయించాలి. ఒకే ఫైలు నుంచి వచ్చిన తేదీలన్నీ ఒకచోట పెట్టి మొదటి అంకెలో అతి పెద్దది, రెండో అంకెలో అతి పెద్దది చూడండి. మొదటిది 12 దాటితే ఆ షీటు రోజు ముందున్నది. రెండోది దాటితే నెల ముందున్నది. రెండూ 12 దాటాయంటే ఆ షీటును ఇద్దరు ముగ్గురు నింపారన్నమాట. ఏదీ దాటకపోతే షీటు తనంతట తాను ఏమీ చెప్పదు, ఎవరు పంపారో చూడాలి. ఏ ఫైలు నుంచి ఏ వరుస వచ్చిందో మీ దగ్గర రాసి లేకపోతే, ఇంపోర్టు అయిన సమయం బట్టి అయినా గుంపులు చేయండి.

ఎక్సెల్ మీద ఒక పేరా ఖర్చు పెట్టక తప్పదు. అమెరికా నుంచి సీఎస్‌వీ ఫైలు (కాలమ్‌లను కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలు) వచ్చింది. మీ ఆఫీసులో ఒకరు దాన్ని ఎక్సెల్‌లో తెరిచి, ఒక కాలమ్ సరిచేసి, సేవ్ చేశారు. వాళ్ల కంప్యూటర్‌లో ఇండియా సెట్టింగ్ ఉంది. ఫైలులోని 04/03/2024ను ఎక్సెల్ 4 మార్చి అని తేదీగా మార్చుకుంది. సేవ్ చేసేటప్పుడు ఆ కంప్యూటర్ పద్ధతిలో 04-03-2024 అని రాసింది, ఇండియా సెట్టింగ్‌లో తరచూ అడ్డగీతలే వస్తాయి. 03/25/2024 దగ్గర 25వ నెల లేదు కాబట్టి దాన్ని తాకకుండా వదిలేసింది, ఏటవాలు గీతలు అలాగే మిగిలాయి. ఇప్పుడు మీ కాలమ్‌లో రెండు రకాల గీతలు కలిసి కనిపిస్తే అవి రెండు మూలాలు అనుకోకండి. మూలం ఒక్కటే. అడ్డగీతలున్నవి ఎక్సెల్ చెయ్యి పడ్డవి. అంకెల వరస చెడలేదు, రెండు రకాలనూ నెల ముందుగానే చదవాలి. అదే ఫైలును సీఎస్‌వీగా కాక ఎక్సెల్ ఫైలుగానే సేవ్ చేసి, అందులోంచి మీ ప్రోగ్రాం నేరుగా చదివితే కథ వేరు. అప్పుడు మొదటిది నిజమైన తేదీగా, అంటే 4 మార్చిగా వస్తుంది. అది తిరగబడింది, తిప్పాలి. రెండోది అక్షరాలుగా వస్తుంది. కంటితో చూడాలంటే ఎక్సెల్‌లో ఎవరూ అలైన్‌మెంట్ మార్చకపోతే తేదీలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరిగి ఉంటాయి. ఆ ఎగుడుదిగుడు కాలమ్ కనిపిస్తే ఆ ఫైలును ఇంపోర్టు చేయకండి, పంపినవాళ్ల దగ్గర నుంచి అసలు ఫైలు మళ్లీ తెప్పించుకోండి. ఇకముందు సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవొద్దని, డేటా మెనూలోంచి తెచ్చుకుని తేదీ కాలమ్‌ను అక్షరాలుగా ఎంచుకోవాలని సిబ్బందికి చెప్పండి. రెండు వారాలు పాటిస్తారు, తర్వాత మరిచిపోతారు. కాబట్టి ఇంపోర్టు ప్రోగ్రామే ఒక కాలమ్‌లో రెండు రకాల గీతలు కనిపిస్తే ఫైలును తిప్పి పంపేలా రాయండి.

ఇంత చేశాక కూడా కొన్ని మిగులుతాయి. వాటికి కోడ్ రాయకండి, కాగితాలు తీయండి. ఎగుమతి వ్యాపారంలో మనకున్న అదృష్టం ఏమిటంటే ప్రతి సరుకుకూ కాగితాల వరస ఉంటుంది. ముందు ఇన్‌వాయిస్, తర్వాత కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లు, కంటైనర్ పోర్టుకు చేరి నౌక ఎక్కాక నౌకా సంస్థ ఇచ్చే రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్. ఈ వరస తిరగబడదు. అనుమానంగా ఉన్న తేదీని రెండు విధాలా చదివి, ఈ వరసలో ఏది ఇముడుతుందో చూడండి. బిల్ ఆఫ్ లేడింగ్ మీద నెల సాధారణంగా అక్షరాల్లోనే ఉంటుంది, 04-మార్చి-2024 అన్నట్టు. అక్కడ గొడవే లేదు. ఇన్‌వాయిస్ నంబర్లు కూడా సాక్ష్యమే. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఆ నంబర్లు వరసగా, రెండోసారి రాకుండా ఉండాలి. ఒకే సిరీస్‌లో ముందు నంబరు, వెనక నంబరు తేదీలు తెలిస్తే మధ్యదాని తేదీ చాలాసార్లు తేలిపోతుంది. మీ కస్టమ్స్ బ్రోకర్ దగ్గర షిప్పింగ్ బిల్లుల జాబితా ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఒక మధ్యాహ్నం పట్టే పని. ఎంత గొప్ప క్వెరీ అయినా చేయలేని పని.

దిద్దేటప్పుడు పాత కాలమ్ మీద రాయకండి. పక్కన మూడు కొత్త కాలమ్‌లు పెట్టండి: నిజమైన డేట్ టైపులో తేదీ, అది ఏ మూలం నుంచి వచ్చింది, ఎలా తేల్చారు. మూడోదానిలో షీటు బట్టి, ఎంట్రీ సమయం బట్టి, కాగితం చూసి, తేలలేదు అని నాలుగు విలువలు చాలు. తేలనిదాన్ని ఖాళీగా వదలండి. 1900 జనవరి 1 లాంటి దొంగ తేదీతో నింపితే రేపు ఎవరో సగటు తీస్తారు, అది ఎక్కడికో పోతుంది.

మీరు రాయలేదు కానీ సర్వర్ మార్చారు కాబట్టి గంటల సంగతి కూడా చూసుకోండి. క్లౌడ్ సర్వర్ యూటీసీలో ఉంటే మన గడియారం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 వరకు సర్వర్ దృష్టిలో ఇంకా నిన్నటి రోజే. పదింటికి తెరిచి ఆరింటికి మూసే ఆఫీసుకు ఇది పట్టదు. మీది రొయ్యల వ్యాపారం, చెరువుల నుంచి లారీలు రాత్రిపూట కూడా దిగుతాయి. తెల్లవారుజాము నాలుగింటికి తూకం వేసిన సరుకు ముందురోజు ఖాతాలో పడుతుంది. సమయాన్ని యూటీసీలోనే ఉంచండి, తేదీ తీసేటప్పుడు ఎట్ టైమ్ జోన్ అనే ఆదేశంతో ఇండియా సమయానికి మార్చండి. 2016 నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది ఉంది.

దీనికి తోబుట్టువు బ్రౌజర్‌లో ఉంది. మన కంప్యూటర్‌లో 4 మార్చి అర్ధరాత్రిని జావాస్క్రిప్ట్ ఐఎస్ఓ రూపంలోకి మార్చి పంపితే అది 3 మార్చి 18:30 యూటీసీ అవుతుంది. సర్వర్ దగ్గర సమయం కత్తిరించి తేదీ మాత్రం ఉంచుకుంటే ఒక రోజు వెనక్కి పోయినట్టే. పుట్టిన తేదీలు, గడువు తేదీలు ఒక్క రోజు తక్కువగా పడుతున్నాయంటే ముందు ఇక్కడే వెతకండి. గంటతో పనిలేని తేదీని గంట లేకుండానే పంపాలి. బ్రౌజర్‌లోని తేదీ గడి చూపించేది ఆ కంప్యూటర్ పద్ధతిలో అయినా, పంపేది మాత్రం ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరసలోనే. దాన్ని అలాగే తీసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లు అమెరికా ఇంగ్లిష్‌తో రావడం మామూలే. గాజువాకలోనో ఆటోనగర్‌లోనో మీ గోదాము గుమస్తాకు ఆ గడిలో నెల ముందు కనిపించి తికమకపడతాడు. పక్కనే చిన్న అక్షరాల్లో నెల పేరుతో తేదీ మళ్లీ చూపిస్తే తప్పు అప్పుడే కంటపడుతుంది.

రెండంకెల సంవత్సరాన్ని ఏ గడిలోనూ ఒప్పుకోకండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలుగా 49 అంటే 2049, 50 అంటే 1950. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో ఆ గీత 69, 70 మధ్య ఉంటుంది. రెండు డేటాబేస్‌ల మధ్య అలాంటి డేటా నడిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఈ జవాబును మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు చదువుతుంటే వాళ్లకు ఒక్క మాట. అక్షరాలను తేదీగా మార్చే స్ట్ర్_టు_డేట్ ఫంక్షన్‌లో సంవత్సరానికి పెద్ద వై నాలుగంకెలకు, చిన్న వై రెండంకెలకు. చిన్నది రాస్తే 04/03/2024లోని 20 మాత్రమే తీసుకుని 2020 మార్చి 4 అని ఇస్తుంది. సెలెక్ట్‌లో అయితే ఒక హెచ్చరికతో సరిపెడుతుంది, ఆ హెచ్చరికలు ఎవరూ చదవరు.

రిపోర్టుల క్వెరీల్లో కాలమ్‌ను అక్షరాలుగా మార్చి పోల్చడం మానేయండి. త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే ఇండెక్స్ పని చేయదు, వరస కూడా తప్పుతుంది. మార్చి నెల కావాలంటే 20240301 లేదా ఆ తర్వాత, 20240401 కంటే ముందు అని రాయండి. 31వ తేదీ రాత్రి 23:59:59.999 అని రాసేవాళ్లున్నారు. డేట్‌టైమ్ టైపు ఆ చివరి అంకెను పైకి సవరించి ఏప్రిల్ 1 చేస్తుంది, ఆ అర్ధరాత్రి సరుకు రెండు నెలల్లోనూ కనిపిస్తుంది.

బయటికి పంపేవాటికి ఎవరికి కావాల్సిన రూపం వాళ్లకు ఇవ్వండి. జీఎస్టీ ఇ-ఇన్‌వాయిస్‌కు రోజు/నెల/సంవత్సరం కావాలి, అలాగే పంపాలి. అమెరికా కొనుగోలుదారు నెల ముందు కావాలంటే ఆయనకు వెళ్లే వ్యూలో (టేబుల్‌ను మార్చకుండా కావాల్సిన రూపంలో చూపించే క్వెరీ) అలాగే తయారు చేయండి, కానీ నెలను మూడక్షరాల పేరుతో రాస్తే ఒప్పుకుంటారేమో అడిగి చూడండి. చాలావరకు ఒప్పుకుంటారు, వాళ్లకూ ఇదే తలనొప్పి ఉంటుంది. ఒక రిపోర్టు కోసం తయారు చేసిన అక్షరాల తేదీ తిరిగి టేబుల్‌లోకి రాకుండా చూసుకోండి.

అన్నీ సరిచేశాక ఆ పాత అక్షరాల కాలమ్‌ను తీసేయాలనిపిస్తుంది. తీయకండి. పేరు మార్చి, రాసే అనుమతి తీసేసి అలాగే ఉంచండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. మీరు తిప్పిన తేదీల గురించి ఆడిటర్ అడిగినప్పుడు చూపించడానికి ఆ కాలమ్, దాని పక్కన ఎలా తేల్చారన్న కాలమ్ ఉండాలి.